సూర్యుడి తోబుట్టువులు

ప్రియమైన రమణా,

నీ ఉత్తరం అందింది. అమ్మగారి మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందని చదివాక మనసు కుదుటపడింది. ఆవిడకు నా నమస్కారాలు చెప్పు.

చివర్లో నువ్వు అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరులో ఆదిత్య-ఎల్1ను పంపాం కదా, అది సూర్యుణ్ణి రాత్రింబవళ్లు చూస్తూనే ఉంది కదా, ఇంకా ఎక్కడో ఉన్న నక్షత్రాల మీది మచ్చల కోసం ఎందుకంత తపన అని అడిగావు. సూర్యుడి వయసు దాదాపు 460 కోట్ల ఏళ్లు. టెలిస్కోపుతో మనం అతన్ని చూస్తున్నది నాలుగు వందల ఏళ్లుగా. ఆ కొద్దికాలంలోనే 1645 నుంచి 1715 దాకా మచ్చలు దాదాపు మాయమయ్యాయి. మరి మనం చూడని కాలంలో అతని గుణం ఎలా ఉండేది? ఒక పెద్దాయన చిన్నతనం తెలుసుకోవాలంటే ఆ వీధిలో ఆడుకునే పిల్లల్ని చూడాలి. నేను చేస్తున్నది అదే.

ఈ పనికి దారి వేసినవాడు అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఓలిన్ విల్సన్. అంత దూరంలోని నక్షత్రం మనకు చుక్కగానే కనిపిస్తుంది, దాని మచ్చలను నేరుగా చూడలేం. అయితే మచ్చలు పుట్టేది అయస్కాంత క్షేత్రం బలంగా ఉన్నచోటే, అక్కడ ఉపరితలానికి పైనున్న పొర వేడెక్కుతుంది. అప్పుడు వర్ణపటం ఊదా కొసలో కాల్షియం గీసే హెచ్, కె అనే రెండు నల్లటి గీతల్లో ఒక్కోదాని నడిమధ్య సన్నని వెలుగు పుడుతుంది. ఆ వెలుగు పెరిగితే నక్షత్రం చురుగ్గా ఉందన్నమాట, తగ్గితే నెమ్మదించిందన్నమాట. 1966లో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో ఆయన సూర్యుడిలాంటి నక్షత్రాలను ఇలా కొలవడం మొదలుపెట్టి, 1978లో 91 నక్షత్రాల ఫలితాలు ప్రకటించాడు. మన సూర్యుడి మీద మచ్చలు పెరిగి తగ్గే 11 ఏళ్ల చక్రంలాంటివి వాటిలో కొన్నింటికీ ఉన్నాయని తేలింది. ఒక మనిషి పన్నెండేళ్లు అవే చుక్కలను మళ్లీ మళ్లీ కొలుస్తూ కూర్చున్నాడంటే, ఆ ఓపికకు నేను చేతులెత్తి మొక్కుతాను.

ఆ కాల్షియం గీతలతో మనవాళ్లకు మరో బంధం ఉంది. 1957లో విల్సన్‌తో కలిసి మన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు ఒక గొప్ప సంగతి బయటపెట్టారు: కె గీత నడుమ కనిపించే వెలుగు ఎంత వెడల్పుగా ఉంటే, ఆ నక్షత్రం అసలు ప్రకాశం అంత ఎక్కువ. బప్పు హైదరాబాద్‌లో పెరిగారు, నిజాం కాలేజీలో చదివారు. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో పనిచేశారు. తర్వాత బప్పు నడిపిన కొడైకెనాల్ వేధశాలలో, ఆయన రాకకు ఎంతో ముందు నుంచే, అదే కె గీత వెలుగులో సూర్యుడి ఫొటోలు తీస్తూ వచ్చారు. దాదాపు నూరేళ్ల ఫొటో పలకలు అక్కడ పోగుపడ్డాయి. నక్షత్రాలకూ సూర్యుడికీ ఒకే కొలబద్ద దొరికిందంటే ఇలాంటి పనివల్లే.

ఆ పిల్లలు ఏం చెబుతున్నారంటావా? తిమింగల రాశిలోని కప్పా సెటి మనకు 30 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న కుర్ర నక్షత్రం. మన సూర్యుడు తన చుట్టూ తాను తిరగడానికి సుమారు 25 రోజులు తీసుకుంటే, అది తొమ్మిది రోజుల్లో తిరిగేస్తుంది. వేగంగా తిరిగేకొద్దీ అయస్కాంతశక్తి పెరుగుతుంది, నక్షత్రం నుంచి ఎగసిపోయే కణాల ప్రవాహం, అంటే నక్షత్రగాలి, ఆ వేగాన్ని నెమ్మదిగా లాగేసుకుంటుంది. 1972లో స్కుమానిచ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ లెక్క రాశాడు: వయసు నాలుగు రెట్లయితే వేగం సగమవుతుంది. ఇంకో వింత, మచ్చలు పెరిగినప్పుడు కుర్ర నక్షత్రం మసకబారుతుంది, మన సూర్యుడు మాత్రం ఓ 0.1 శాతం వెలుగు పెరుగుతాడు. సూర్యుడిలో మచ్చల చుట్టూ ఉండే కాంతిమంతమైన ప్రాంతాలు మచ్చల లోటును మించిపోతాయి. వయసు ముదిరేకొద్దీ ఈ తూకం మారిందన్నమాట. ఇది నేను చదివిన వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం.

వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల సంగతికొస్తే, గ్రహం లాగడంవల్ల నక్షత్రం ముందుకూ వెనక్కూ ఊగడాన్ని కొలిచి గ్రహాన్ని పట్టుకుంటారు కదా. భూమి సూర్యుణ్ణి ఊపేది సెకనుకు 9 సెంటీమీటర్లే. మచ్చలూ ఉపరితలపు కదలికలూ అంతకు పదిరెట్లకు మించిన అలజడిని ఆ కొలతలో కలిపేస్తాయి. 2012లో ఆల్ఫా సెంటారి బి అనే నక్షత్రం చుట్టూ భూమంత బరువున్న గ్రహం దొరికిందని లోకమంతా సంబరపడింది. 2015లో లెక్కలు తిరగేస్తే ఆ సంకేతం నిలవలేదు. చాలామంది ఈ అలజడిని వదిలించుకోవలసిన చెత్తగా చూస్తారు. నాకది ఒప్పదు. ఒక గ్రహం మీద గాలి నిలుస్తుందో లేదో తేల్చడంలో దాని నక్షత్రపు అయస్కాంత స్వభావానికి పెద్ద పాత్ర ఉంది. అంగారకుడి వాయుమండలం సౌరగాలికి ఎలా కొట్టుకుపోతోందో నాసా వారి మావెన్ నౌక కొలిచి చూపించింది.

హెచ్‌డీ 166620 అనే నక్షత్రం గురించి చెప్పకుండా ఉండలేను. మౌంట్ విల్సన్ కొలతల్లో దానికి సుమారు 17 ఏళ్ల చక్రం స్పష్టంగా ఉంది. ఆ తర్వాతి కొలతల్లో ఆ ఎగుడుదిగుడు చదునైపోయింది. 1645 నాటి మన సూర్యుడిలా అది నిద్రలోకి జారుకుందని 2022లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇలా చక్రం ఆగిపోవడం మరో నక్షత్రంలో కళ్లారా కనబడిందంటే అది దశాబ్దాల కొలతలు చేతిలో ఉండబట్టే. అంతటి మౌంట్ విల్సన్ కార్యక్రమాన్ని 2003లో ముగించేశారు, దానికి నాకు నిజంగా బాధ ఉంది.

ఇక నీ ఉద్యోగానికి తగిలే మాట. 2024 డిసెంబరులో వచ్చిన ఒక అధ్యయనంలో కెప్లర్ టెలిస్కోపు చూసిన 56,450 సూర్యుడిలాంటి నక్షత్రాలను జల్లెడపట్టారు. అలాంటి నక్షత్రం సగటున వందేళ్లకొకసారి మహాజ్వాలను, అంటే హఠాత్తుగా ఎగసే అతిపెద్ద శక్తి విస్ఫోటాన్ని, విసురుతుందని తేల్చారు. 1859లో కారింగ్టన్ అనే ఖగోళ శాస్త్రవేత్త సూర్యుడి మీద చూసిన జ్వాల కన్నా అవి ఎన్నో రెట్లు పెద్దవి. సూర్యుడూ అలాగే చేస్తాడని దీన్నిబట్టి తీర్మానించలేం, ఆ నక్షత్రాలన్నీ అచ్చంగా అతనిలాంటివేనా అన్నది ఇంకా తేలాలి. అయినా 1989 మార్చి 13న వచ్చిన, అంతకన్నా ఎంతో చిన్న సౌర తుఫానుకే కెనడాలోని క్యూబెక్‌లో 60 లక్షల మందికి దాదాపు తొమ్మిది గంటలు కరెంటు లేకుండా పోయింది. మీ సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ల ఎర్త్ తీగల్లో సౌర తుఫాను పుట్టించే విద్యుత్ ప్రవాహాలను ఎవరైనా కొలుస్తారా? మన తెలుగు నేల భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ముప్పు తక్కువే, అయినా తెలుసుకోవాలని ఉంది. మీ పై ఇంజనీరును అడిగి, వచ్చే ఉత్తరంలో వివరంగా రాయి.

నీ
మురళి