ఫ్రిజ్ కొనుక్కో, ఆ కాగితం మాత్రం అప్పుడే వద్దు

శ్రీకాకుళం

చిన్నా,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన కొటేషన్ చూశాను. ఫ్రిజ్ 27 వేలు, వాషింగ్ మెషిన్ 19 వేలు, టీవీ 46 వేలు, కింద మూడింటికీ కలిపి ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే కంపెనీ వారంటీ అయిపోయాక కూడా రిపేర్లు చూసుకునే ప్లాన్ అని ఇంకో 11,500. కోడలు తీసుకుందామంటోంది, నువ్వు వద్దంటున్నావు, నన్ను తీర్పు చెప్పమన్నారు. ఫోన్లో చెబితే సగం వినకుండానే సరే సరే అంటావు, అందుకని రాస్తున్నాను. ఫ్రిజ్‌కీ మెషిన్‌కీ కట్టొద్దు. టీవీ సంగతి వేరే, అదీ బిల్లు కౌంటర్ దగ్గర నిలబెట్టి అడిగినప్పుడు మాత్రం కట్టొద్దు.

ఆ ప్లాన్ కాగితం మీద షాపువాడు "మూడేళ్ళు" అని పెద్దగా వేశాడు చూడు. అందులో మొదటి ఏడాది కంపెనీ ఎలాగూ ఊరికే ఇచ్చేదే. వాషింగ్ మెషిన్‌కైతే చాలా కంపెనీలు రెండేళ్ళు ఇస్తున్నాయి, నీ మోడల్‌కి ఎంతో అడుగు. రెండేళ్ళే అయితే మెషిన్‌కి నువ్వు డబ్బిచ్చి కొనేది ఒక్క ఏడాది. పైగా కట్టేదాంట్లో 18 శాతం రేటున జీఎస్టీ కూడా కలిసి ఉంటుంది.

తయారీలో లోపం ఉంటే మామూలుగా మొదటి కొన్ని నెలల్లోనే బయటపడుతుంది, అది కంపెనీ ఖాతాలోకే పోతుంది. అరిగిపోయి పాడవడం మొదలయ్యేసరికి చాలా ఏళ్ళు పడుతుంది, అప్పటికి వీళ్ళ ప్లాన్ ఎప్పుడో అయిపోతుంది. నువ్వు డబ్బు కట్టే రెండో ఏడూ మూడో ఏడూ వస్తువు కుదురుగా పనిచేసే కాలం. వాళ్ళకీ తెలుసు, లేకపోతే అమ్మరు.

మరి మన వైపు ఫ్రిజ్‌లు ఎందుకు పోతాయి? ఓల్టేజీ వల్ల పోతాయి. వెనక వైరు ఎలుక కొరికితే పోతాయి. సముద్రం పక్కన ఊళ్ళలో ఉప్పుగాలికి తుప్పు పట్టి పోతాయి, కళింగపట్నంలో మీ మావయ్య ఏసీ ఔట్‌డోర్ యూనిట్ కాయిల్ ఎలా పొడిపొడి అయిందో చూశావు కదా. ఇప్పుడు ఆ ప్లాన్ వెనక పేజీలో చిన్న అక్షరాలు చదువు. ఓల్టేజీ హెచ్చుతగ్గులు, ఎలుకలు, పురుగులు, తుప్పు, ప్రకృతి వైపరీత్యం, పగిలిన ప్లాస్టిక్, రబ్బరు, ఇవన్నీ మామూలుగా "వర్తించవు" అనే జాబితాలోనే ఉంటాయి. మనకి వచ్చే రోగాలన్నీ తీసేసి, రాని రోగానికి మందు అమ్ముతున్నాడన్నమాట.

నువ్వు కొంటున్నది అక్టోబరులో, మనకి తుపానుల కాలం, అది కూడా గుర్తుపెట్టుకో. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది, ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు వచ్చిన రోజు ఓల్టేజీ ఒక్కసారిగా ఎగిరి మీ పిన్నివాళ్ళ ఫ్రిజ్ బోర్డు కాలిపోయింది. వాళ్ళు అలాంటి ప్లానే తీసుకున్నారు, ఒక షోరూమ్ వాళ్ళు అంటగట్టింది. ఫోన్ చేస్తే "తుపాను వల్ల కదండీ, కవర్ అవ్వదు" అన్నారు. చివరికి లోకల్ మెకానిక్ బోర్డు మార్చాడు, పిన్నే డబ్బు కట్టింది.

కోడలు అంటున్నదాంట్లోనూ ఒక న్యాయం ఉంది, కొట్టిపారెయ్యకు. ఇప్పటి ఇన్వర్టర్ ఫ్రిజ్‌లలో, మెషిన్లలో ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది, అది పోతే పాత రోజుల్లో థర్మోస్టాట్ మార్చినంత చవకగా తేలదు. నిజమే. కాని దాన్ని కాపాడేది కాగితం కాదు, స్టెబిలైజరూ, సరైన ఎర్తింగూను. డబ్బా మీద "స్టెబిలైజర్ అక్కర్లేదు" అని స్టిక్కర్ వేస్తారు, దానికీ ఎంత నుంచి ఎంత ఓల్టేజీ దాకా అని ఒక హద్దు ఉంటుంది, మాన్యువల్‌లో చూడు. మీ అద్దింట్లో సాయంత్రం అయ్యేసరికి లైట్లు గుడ్డిగా వెలుగుతాయని నువ్వే చెప్పావు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీటరు పెట్టి చూపించు, ఎర్తింగ్ కూడా. అద్దిల్లు కదా అని ఊరుకోకు, ఓనరుతో నేను మాట్లాడతాను కావాలంటే.

కంప్రెసర్ పదేళ్ళు గ్యారంటీ అని చూసి మురిసిపోకు. ఆ పదేళ్ళు మామూలుగా కంప్రెసర్ అనే ముక్కకే, గ్యాస్ నింపినందుకు, మనిషి వచ్చినందుకు, బిగించినందుకు మొదటి ఏడాది దాటాక నువ్వే ఇచ్చుకోవాలి. అయినా అన్నిటికన్నా ఖరీదైన ముక్కకి పూచీ ముందే ఉందని తేలింది కదా, ఇక మిగిలిన రిపేర్లకి వేలకు వేలు ముందుగా ఎందుకు కట్టడం.

టీవీ దగ్గరకి వద్దాం. పెద్ద టీవీలో ప్యానెల్, అంటే తెర, పోతే దాని ధర దాదాపు కొత్త టీవీ ధరంత చెబుతారు, రిపేరు చేసే పని కాదు అది. అందుకని టీవీకి ఒక్కదానికి కట్టినా నేనేమీ అనను, అయితే కొన్ని అడిగి కట్టు. ప్లాన్ కంపెనీదా, మధ్యలో ఇంకెవరిదో పేరున్న సంస్థదా? ప్యానెల్ అందులో ఉందని రాతలో ఉందా? ఏటా విలువ తగ్గించి ఇస్తారా, డబ్బు బదులు వాళ్ళ షాపు కూపన్ చేతిలో పెడతారా? మీ విజయనగరంలో రిపేరు మనిషి ఉన్నాడా, లేక విశాఖ నుంచి రావాలా? షాపులో అమ్మే కుర్రాడు నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. అతని మీద కోపం తెచ్చుకోకు పాపం, వాడికీ టార్గెట్లుంటాయి, మామూలుగా రూపాయికి ఇంత అని చూస్తే వస్తువు మీద కన్నా ఈ ప్లాన్ల మీద షాపుకి మిగిలేది ఎక్కువ.

తొందరేం లేదు. "సిరిమానోత్సవం దాకానే సార్ ఆఫర్" అన్నాడన్నావు, పైడితల్లి జాతర దాకా అని. చాలా కంపెనీలు మొదటి వారంటీ అయ్యేలోగా ఎప్పుడైనా తమ ప్లాన్ కొనుక్కోనిస్తాయి. పదో నెల వచ్చాక కంపెనీ వాళ్ళకే ఫోన్ చేసి అడుగు, అప్పటికి టీవీ ఎలా ఉందో నీకే తెలుస్తుంది. ప్లాన్ తీసుకోకపోతే డిస్కౌంట్ ఇవ్వనంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమను, రాయడు. ఇంకా మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అంతదాకా రాదులే, గంటస్తంభం చుట్టూ ఇంకో నాలుగు షాపులున్నాయి. ఈఎంఐలో మాత్రం ఆ 11,500 కలిపేస్తాడేమో చూసుకో, "నెలకి కొంచెమే కదా" అంటూ కలిపేస్తారు.

ఆ డబ్బులోంచి ముందు ఫ్రిజ్‌కి మంచి స్టెబిలైజర్ కొను, మెషిన్ కింద ఎలుకలు దూరకుండా జాలీ బిగించు, మిగిలింది పోస్టాఫీసులో వేసి రిపేర్ల డబ్బు అని పేరు పెట్టు. మూడేళ్ళలో ఏమీ పోకపోతే అది నీదే.

బిల్లు ఇవ్వగానే ఫోటో తీసి నాకూ మీ నాన్నగారికీ పంపు, ఆ షాపు బిల్లుల మీద అక్షరాలు ఏడాదికి మాయమైపోతాయి. బిగించడానికి వచ్చినవాడి చేత వారంటీ కార్డు మీద తేదీ, సీరియల్ నంబరు రాయించు. ఆదివారం నాన్నగారు విజయనగరం వస్తున్నారు, షాపుకి ఆయన్ని కూడా తీసుకెళ్ళు, బేరం ఆయనకి వదిలెయ్. కోడల్ని ఈ ఉత్తరం చదవమను, తను ఇంకా కావాలంటే నాకు ఫోన్ చెయ్యమను, తన లెక్క కూడా వింటాను.

అమ్మ