పేరు ఒకటైతే అప్పూ ఒకటేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త గురించి ఈ ఉత్తరం. సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగా కడుతున్నామా లేదా చూసి వేసే మార్కు, కాపాడుకునే బాధ్యత ఖాతాదారులదేనని బ్యాంకు అధికారులు చెప్పినట్టు రాశారు. ఆ రోజు పేపరు మడిచి పక్కన పెట్టేశాను గానీ మనసు ఊరుకోవడం లేదు. ముప్పై ఏళ్లకు పైగా బడిపంతులుగా చేశాను. ఒక్క కంతు తప్పకుండా ఇంటి లోను తీర్చాను. నేను కాపాడుకోనిది ఏమిటో ఆ అధికారులే చెప్పాలి.

మా చిన్నమ్మాయి ఎంబీఏ చదువు లోనుకు మే నెలలో బ్యాంకుకు పోయాం. తండ్రిగా నేనూ సంతకం పెట్టాలి. మేనేజరు కంప్యూటరు చూసి, 'అయ్యోరా, మీ పేరు మీద బండి లోను ఒకటి కట్టకుండా వదిలేసినట్టు ఉందే' అన్నాడు. నేను జన్మలో బండి కొనలేదు. వెనక జనం నిలబడి వింటున్నారు. పక్కన కూతురు తల దించుకుంది.

లీలామహల్ సర్కిల్ దగ్గర నెట్ సెంటరులో నా అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టు తీయించాను. శ్రీనివాసులు అన్న పేరు నాదే, పుట్టినతేదీ నాదే. చిరునామాల దగ్గర మాత్రం నా ఇంటి కింద పలమనేరు వైపు ఊరొకటి ఉంది. ఫోన్ నంబర్లలో ఒకటి నేనెప్పుడూ వాడనిది. ఎవరో ఇంకో శ్రీనివాసులు అప్పు తెచ్చి నా నెత్తిన పెట్టారు.

మన తిరుపతిలో శ్రీనివాసులు అని కేకేస్తే వీధికి నలుగురు పలుకుతారు. వెంకటేశులు, బాలాజీలు, మునిరత్నాలు, మునెమ్మలు సంగతీ అంతే. దేవుడి పేరు పెట్టుకోవడం ఇక్కడ ఇంటింటి ఆచారం. ఇక పుట్టినతేదీ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? పల్లెల్లో పిల్లవాణ్ణి బడికి తెచ్చిన తల్లిని ఎప్పుడు పుట్టాడమ్మా అంటే, 'గంగమ్మ జాతర అయినాక' అనేది. వయసు అంచనా కట్టి అడ్మిషన్ రిజిస్టరులో జూన్ 1 అనో జులై 1 అనో నా చేత్తో ఎందరికో రాశాను. నాకూ మా అయ్యవారు అట్లే రాశారు. ఆ తేదీలే పదో తరగతి సర్టిఫికెట్టుకు, ఆధార్‌కు, పాన్‌కు ఎక్కాయి. పేరూ తేదీ కలిసినంత మాత్రాన మనిషి ఒకడే అనుకుంటే ఈ రెండు జిల్లాల్లో ఎన్ని వేలమంది ఒకరి అప్పు ఒకరు మోయాలి? 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయ్యాక సగం కాగితాల్లో చిత్తూరు, సగం కాగితాల్లో తిరుపతి. ఆ గందరగోళం దీనికి తోడు.

రిపోర్టు కంపెనీకి ఆన్‌లైన్‌లో అభ్యంతరం పెట్టాను. పద్దెనిమిదో రోజున పరిష్కరించామని మెసేజ్ వచ్చింది. తెరిచి చూస్తే 'అప్పు ఇచ్చిన సంస్థ వివరాలు సరైనవేనని ధ్రువీకరించింది, మార్పు లేదు' అని ఉంది. సరైనవే, కాదన్నదెవరు? ఆ శ్రీనివాసులు అప్పు తీసుకున్నాడు, కట్టలేదు. ఆ మనిషీ నేనూ ఒకరేనా అన్నది ప్రశ్న. దాన్ని ఎవరూ అడగలేదు. రిపోర్టు కంపెనీ అప్పిచ్చిన వాళ్లను అడిగింది, వాళ్లు తమ పుస్తకం తాము చూసుకుని ఔనన్నారు. అంతటితో అయిపోయింది.

రెండోసారి అభ్యంతరం పెట్టి, చిత్తూరులో ఆ ఫైనాన్సు ఆఫీసుకు నేనే పోయాను. మూడుసార్లు తిప్పుకున్నారు. మూడోసారి కౌంటరులోని కుర్రవాడు దరఖాస్తు తెరిచాడు. తెర మీద ముప్పై ఏళ్లు దాటని మనిషి, ఒత్తు మీసం, గళ్ల చొక్కా. కుర్రవాడు ఫొటో వైపు, నా నెరిసిన తల వైపు రెండుమూడుసార్లు చూసి, 'సార్, ఇది మీరు కాదే!' అన్నాడు. తేదీ, నెల ఇద్దరికీ ఒకటే, సంవత్సరం మాత్రం అతనిది కాక నాది వేసి ఉంది. పాన్ గడి ఖాళీగా ఉంది. ఒక్క ఫొటో చూస్తే తేలిపోయే సంగతి ఇది. అది నిర్ధారించి పైకి పంపడానికి వాళ్లకు హెడ్డాఫీసు అనుమతి కావాలట!

మా ఊరి చిల్లర కొట్టు పద్దులో కూడా 'ఫలానా వాడి కొడుకు, ఫలానా ఊరు' అని రాసేవాళ్లు. అరువు పది రూపాయలైనా ఒకరి బదులు ఇంకొకరిని పట్టుకునేవాళ్లు కాదు. రేషన్ కార్డులో, ఓటరు జాబితాలో, ఇప్పుడు ఇక్కడ, తప్పు రాసేది ఒకరు, దిద్దించుకోవడానికి తిరగాల్సింది మనం.

రిజర్వు బ్యాంకు నిబంధన ఒకటుంది, వార్తలో అదీ రాసి ఉండాల్సింది. అభ్యంతరం 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అందులో మొదటి 21 రోజులు అప్పిచ్చిన సంస్థవి, మిగతావి రిపోర్టు కంపెనీవి. సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగు రిపోర్టు కంపెనీలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాల్సిందే. 2022 సెప్టెంబర్ 1 నుంచి ఇవన్నీ ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ పరిధిలో ఉన్నాయి, 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఇవి బ్యాంకు గోడ మీద తెలుగులో ఎందుకు రాసి పెట్టరు?

అయితే ఆ పరిహారం ఆలస్యానికే. పద్దెనిమిదో రోజున చూడకుండా ఇచ్చిన తప్పుడు జవాబుకు అది వర్తించదు. నా కోరిక ఒకటే. పాన్ గానీ మరో గుర్తింపు నంబరు గానీ కలవనిదే ఎవరి అప్పూ ఎవరి రిపోర్టులోనూ చేర్చకూడదు. నాది కాదని మనిషి చెప్పినప్పుడు దరఖాస్తు, ఫొటో చూశాకే జవాబివ్వాలి.

రెండో అభ్యంతరం 54వ రోజున తేలింది. అప్పటికి ఫీజు గడువు దాటిపోతుంటే ఇంట్లో ఆవిడ గాజులు తాకట్టు పెట్టి కట్టాం. 24 రోజులకు 2,400 రూపాయలు రావాలి. ఐదు పనిదినాల్లో ఖాతాలో వేయాలి. నెల దాటింది, వేయలేదు. నిన్న అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పంపాను. గాజులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కొర్లగుంట, తిరుపతి