యాభై వేల కోట్ల సున్నాలకు కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మాది తెనాలి. ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా వీధి చివర టైలరింగ్ చేసే ఆవిడ కూతురికి నలుగురిలో థ్యాంక్స్ చెప్పాలని ఇది రాస్తున్నాను. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతోంది. పేరు రాస్తానంటే వద్దంటే వద్దంది. "రేపటి నుంచి వీధిలో ల్యాప్‌టాపులన్నీ మా అమ్మ కుట్టుమిషన్ పక్కకి వచ్చేస్తాయి మాస్టారూ" అంది. అదీ నిజమే. అందుకని పేరు రాయడం లేదు.

నా ల్యాప్‌టాప్ 2014లో కొన్నది. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు. ఈమధ్య స్విచ్ నొక్కి, కాఫీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెర మీద ఆ చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. దానికి తోడు విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు అయిపోయింది. విండోస్ 11 వేద్దామంటే ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరమైనా ఉండాలట, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలట. కొత్తది కొనుక్కో నాన్నా అని మా అబ్బాయి తేలిగ్గా అనేశాడు. పెన్షన్ వాడిది కాదు కదా.

తెలిసినవాళ్ళంతా "ఫార్మాట్ కొట్టించండి" అనేవాళ్ళు. ఆ మాట వింటేనే నాకు టెన్షన్. 2019లో ఒక షాపులో ఇలాగే ఇచ్చాను. "సీ డ్రైవ్ ఒక్కటే కొడతాం, డీ జోలికి పోం" అన్నారు. పోలేదు కూడా. కానీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఉండేది సీ డ్రైవ్‌లోనే అని నాకు తెలియదు, వాళ్ళూ అడగలేదు. మా తాతగారి నోట విన్న చాటుపద్యాలు అరవై పేజీల దాకా టైపు చేసి డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నాను. అన్నీ పోయాయి. తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తే సగం కూడా రాలేదు.

ఈ సంగతి చెబితే అమ్మాయి నవ్వలేదు, జాలీ పడలేదు. "ముందు ఇందులో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాయండి మాస్టారూ" అని వెళ్ళిపోయింది. మొదటిరోజు చేసిన పని అంతే. నేను రెండు ముక్కలు రాశాను: ఫొటోలు, ఫైళ్ళు. మర్నాడు వచ్చి చూసి ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. పెన్షన్ కాగితాలు ఎక్కడున్నాయి? బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు? డౌన్‌లోడ్స్‌లో ఏమైనా వదిలేశారా? మూడో రోజుకి కాగితం నిండింది. తోటి టీచర్ల ఆధార్, పాన్ స్కాన్లు ఓ ఫోల్డరు నిండా ఉన్నాయని అప్పుడే తెలిసింది. ఎప్పుడో వాళ్ళ దరఖాస్తులు నేను నింపిపెట్టినప్పటివి. దీని సంగతి మళ్ళీ చెబుతాను.

ఒక్క చోట మాత్రం నేనే ఆ అమ్మాయికి పాఠం చెప్పాను. నా పాత ప్రశ్నపత్రాలు, వ్యాసాలు అన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. ఒకటి తన కంప్యూటర్‌లో తెరిచి, "మాస్టారూ, ఫైలు పాడైపోయింది" అని బెదిరిపోయింది. పాడవలేదు తల్లీ, యూనికోడ్ రాకముందు తెలుగు ఇలాగే ఉండేది, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చేవాళ్ళు, ఫాంటు లేకపోతే కనపడేది ఆ ఇంగ్లీషు కలగూరగంపే అని చెప్పాను. ఆ తరానికి ఇది తెలియకపోవడం సహజమే. కాసేపు ఆలోచించి, పాత ల్యాప్‌టాప్ బతికుండగానే అన్నిటినీ పీడీఎఫ్‌లు చేసేద్దామంది. పీడీఎఫ్‌లో ఫాంటు కూడా లోపలే ఉంటుంది కాబట్టి ఎక్కడ తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపిస్తుందట. 200 పైచిలుకు ఫైళ్ళు, రెండు సాయంత్రాలు పట్టింది. ఫాంటు ఫైళ్ళు కూడా విడిగా తీసిపెట్టింది.

అంతా ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి ఎక్కించాక ఇక కానిద్దామా అన్నాను. ఒప్పుకోలేదు. డ్రైవ్ వాళ్ళింటికి పట్టుకెళ్ళి, తన కంప్యూటర్‌కి తగిలించి, నన్నే కూర్చోబెట్టి ఒక్కో ఫోల్డరులోంచి నాలుగేసి ఫైళ్ళు తెరవమంది. నాకు విసుగొచ్చింది, దాచుకోవడమెందుకు. మనవరాలి అన్నప్రాసన వీడియో దగ్గర తెర నల్లగా ఉండిపోయింది. సగంలో కాపీ ఆగిపోయింది. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. అసలుది ఇంకా పాత డిస్కులో ఉంది కాబట్టి మళ్ళీ ఎక్కించుకున్నాం. ఆ తర్వాత నేను విసుక్కోలేదు.

కొత్తగా 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగంగా పనిచేసే డిస్కు) ఒకటి, ఇంకో 4 జీబీ ర్యామ్ కొన్నాను. విండోస్ బదులు వేసుకునే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్ 22, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం. పాత మెషిన్లకి తేలిగ్గా ఉంటుందని, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయని అమ్మాయే ఎంచింది. దాదాపు 3 జీబీ ఫైలు దింపాక వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించకుండా, చెక్‌సమ్ అని బారెడు అంకెలు, అక్షరాలు వచ్చేది ఒకటి తీసి, మింట్ వాళ్ళ సైట్‌లో ఇచ్చినదానితో పోల్చి చూసింది. ఫైల్లో ఎక్కడ రవ్వంత తేడా ఉన్నా ఆ వరసంతా మారిపోతుందట. ప్రూఫులు దిద్దిన చేతులు కదా, ఆ పని నాకు భలే నచ్చింది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "డిస్కులో ఉన్నదంతా చెరిపేయి" అన్న గీత దగ్గరికి రాగానే నా చెయ్యి ఆగిపోయింది. "పాత డిస్కు మీ ఒళ్ళోనే ఉందిగా మాస్టారూ!" అంది. నిజమే, జేబురుమాల్లో చుట్టి పట్టుకుని కూర్చున్నాను. ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. వైఫై మాత్రం రాలేదు. రాత్రి పదింటికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నా పాత శిష్యుడికి ఫోన్ కొట్టాను. ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో తగిలించి దాని నెట్ వాడుకోమని, డ్రైవర్ మేనేజర్ తెరిచి వైఫై డ్రైవర్ దించుకోమని చెప్పాడు. ఆపి మళ్ళీ వేశాక వచ్చేసింది. వాడికీ థ్యాంక్స్. యణాదేశ సంధి మాత్రం వాడికి ఇప్పటికీ రాదు. తెలుగు టైపింగ్‌కి నాకు అలవాటైన యాపిల్ కీబోర్డే (అక్షరాల అమరిక పేరు అది) మర్నాడు అమ్మాయి పెట్టిచ్చింది. ఇదంతా దాని మీదే కొడుతున్నాను.

పాత డిస్కుని వాళ్ళ కాలేజీలో జూనియర్లు ప్రాజెక్టుకి వాడుకుంటారు, ఇస్తారా అని అడిగింది. సరే తీసుకెళ్ళమన్నాను. వెంటనే తీసుకెళ్ళలేదు. వారం రోజులు కొత్తదాంతోనే పనిచేయండి, ఏమైనా మర్చిపోయామేమో తెలుస్తుందంది. వారం తర్వాత, బస్టాండ్ దగ్గర సెల్ రిపేర్ షాపు తమ్ముడు ఊరికే వాడుకోమని ఇచ్చిన కేబుల్‌తో పాత డిస్కుని తగిలించాం. ఫార్మాట్ కొడితే సరిపోదా అని అడిగాను. తను చెప్పింది నా భాషలో ఇలా అర్థమైంది. క్విక్ ఫార్మాట్ అంటే హాజరు పట్టీలో పేరు కొట్టేయడం. పేరు కొట్టేసినంత మాత్రాన కుర్రాడు తరగతిలోంచి లేచిపోడు. వెతకడం తెలిసినవాడికి దొరుకుతాడు. నా ఫోల్డరులో ఉన్నవేమో ఇతరుల ఆధార్ కాపీలాయె.

మింట్‌లో డిస్క్స్ అనే ప్రోగ్రాం ఉంది. అందులో ఫార్మాట్ చేసేటప్పుడు డిస్కంతా సున్నాలతో నింపే పద్ధతి ఎంచుకుంది. అంతకుముందు డిస్కు పేరు, సైజు నాచేత పైకి చదివించింది, పొరపాటున ఎక్స్‌టర్నల్ డ్రైవ్ మీద కొట్టకుండా. 500 జీబీ అంటే యాభై వేల కోట్ల బైట్లు, అన్నీ సున్నాలే. నా సర్వీసు మొత్తంలో ఇన్ని సున్నాలు వేయలేదు. రెండు గంటలు పట్టింది. ఈ పద్ధతి తిరిగే హార్డ్ డిస్కులకేనట, ఎస్‌ఎస్‌డీలకి సెక్యూర్ ఎరేజ్ అని వేరే ఉందట. మీలో ఎవరైనా పాత ల్యాప్‌టాప్ అమ్మేముందు కనుక్కోండి.

డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. వాళ్ళమ్మ చేతిలో పెడితే ఆవిడ తిరిగి మా ఇంటికే పంపేసింది, రెండు జాకెట్లు కుట్టి మరీ. మా ఆవిడ ఆ జాకెట్ల డబ్బు ఇవ్వడానికి మళ్ళీ వెళ్ళింది. ఈ లెక్క ఎప్పుడు తేలుతుందో చూడాలి.

ఇప్పుడు ల్యాప్‌టాప్ అరనిమిషంలో తెరుచుకుంటోంది, కాఫీ పొయ్యి మీద పెట్టేలోపే. పద్యాలు గుర్తొచ్చినన్ని మళ్ళీ టైపు చేస్తున్నాను, 14 అయ్యాయి. ప్రింటర్ ఒక్కటే ఇంకా రంగులు వేయడం లేదు. ఆదివారం వచ్చి చూస్తానంది.