గృహవసతి చూసే వెట్‌హౌడర్ (మున్సిపాలిటీ పాలకవర్గ సభ్యురాలు) గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అమ్మా,

నేను పంపిన రెండు మెయిళ్లకూ జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురి ముందూ రాస్తున్నాను. డచ్ ప్రతి మీకు విడిగా పంపాను. ఇది నెదర్లాండ్స్‌కు పిల్లల్ని పంపిన తెలుగువాళ్లు చూడాలని.

విశ్వవిద్యాలయానికి సైకిల్‌పై పది నిమిషాల దూరంలో, ఒక పాత ఇంటి అటక గదిలో సెప్టెంబరు నుంచి అద్దెకుంటున్నాను. మంచం వేశాక తలుపు సగమే తెరుచుకుంటుంది. యజమాని మూడు నెలల అద్దె డిపాజిట్‌గా తీసుకున్నారు. 2023 జులై 1న వచ్చిన చట్టం ఒప్పేది రెండు నెలలే. 2025 నుంచి కొత్త ఒప్పందంతో ఇవ్వాల్సిన, గరిష్ఠ అద్దె ఎంతో తేల్చే పాయింట్ల లెక్క అడిగితే, నచ్చకపోతే ఖాళీ చెయ్యమన్నారు.

అన్నిటికన్నా కష్టం, ఈ చిరునామాతో మున్సిపాలిటీలో నమోదు కావద్దనడం. నమోదు కాకపోతే పౌర సంఖ్య, అంటే ఉద్యోగానికి అడిగే గుర్తింపు నంబరు, రాదు. అది లేక నా పార్ట్‌టైమ్ ఉద్యోగం చేజారింది. ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు గోడమీది బూజు అమ్మకు కనబడకుండా ఫోను తిప్పి పట్టుకుంటున్నాను.

2018లో ఈ దేశంలోనే గ్రోనింగెన్ నగరంలో గదులు దొరక్క విదేశీ విద్యార్థులు గుడారాల్లో పడుకున్నారు. నాకు పైకప్పైనా ఉంది, నిజమే.

ఫిర్యాదులు తీసుకోవాల్సిందీ, జరిమానా వేయగలిగిందీ మీ మున్సిపాలిటీయే. రెండు వారాల్లోగా తనిఖీకి మనిషిని పంపండి. నేనుంటున్న చిరునామాలోనే నన్ను నమోదు చేయండి. డిపాజిట్ నిబంధన ఈ ఇంట్లో అమలు చేయించండి.

జవాబు డచ్‌లో ఇచ్చినా చదువుకోగలను.

ఇట్లు,
మీ నగరంలో ఉంటూ మీ లెక్కల్లో లేని ఒక విద్యార్థిని