డ్రమ్ము బాగుచేసిన పెద్దాయనకు కృతజ్ఞతలు

మొన్నటి జనవరి 26 పరేడ్ మా బ్యాండు మేస్టారికి ఆఖరిది. 30 ఏళ్లకు పైగా మా విజయనగరం పిల్లలకు బ్యూగిల్ ఊదడం, డ్రమ్ము దెబ్బకు అడుగు కలపడం నేర్పిన మనిషి. పొద్దున్నే ఆటో దిగి చూస్తే పెద్ద డ్రమ్ము తోలు చిరిగి ఉంది. సెలవు రోజు, షాపులన్నీ మూత. ఒకటే టెన్షన్!

దారిన పోతూ ఆగారు మీరు. ఇంటికెళ్లి వేరే తోలు తెచ్చి, స్క్రూలు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగిస్తూ, ప్రతిసారీ వేలితో తట్టి చెవి ఒగ్గి విన్నారు. డబ్బులివ్వబోతే, "మా అబ్బాయికి నేర్పింది ఈ మేస్టారే బాబూ" అని వెళ్లిపోయారు. హడావిడిలో పేరైనా అడగలేదు, క్షమించండి.

మొదటి దెబ్బ పడగానే మేస్టారు తలెత్తి నడిచారు. అంతా మీ చలవే పెద్దాయనా. పాత విద్యార్థులందరి తరఫున దండాలు.