అవతల ఓడేదెవడు?

ఒరేయ్ రాంబాబూ,

ఉత్తరం ఆలస్యమైంది, తిట్టకు. దాళ్వా ఊడ్పులు, పిల్లదాని పరీక్షలు, అమ్మకి కంటి ఆపరేషన్ అన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. అమ్మ బాగానే ఉంది, నిన్ను అడిగింది. మన 'దొరగారి సైకిల్' ఇంకా తిరుగుతోందిరా, ఎవరి దగ్గరుందో చెబితే నమ్మవు!

అసలు సంగతి మావయ్యది. నీకు చెప్పకపోతే నిద్ర పట్టేట్టు లేదు. అంబాజీపేట రోడ్డు పక్కన మనం క్రికెట్టాడిన స్థలం ఉంది చూడు, అది అమ్మేశాడు. బేరం కుదిరి బయానా తీసుకునే వేళ, "బాబూ, వానాకాలం తూర్పు మూల మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి, ఇల్లు కట్టాలంటే మట్టి తోలించుకోవాలి" అని కొనేవాడికి తనే చెప్పాడు. మధ్యవర్తి తల పట్టుకున్నాడు. వాడు రెండు లక్షలు తగ్గించమంటే తగ్గించేశాడు కూడా. అత్తయ్య రెండ్రోజులు మాట్లాడలేదు.

డబ్బు బ్యాంకులో పడిన మర్నాడే చంటిగాడు దిగాడు. ఆప్షన్లలో, అదే షేర్ల ధర పెరుగుతుందో తగ్గుతుందో అని కాసే పందెంలాంటి బేరంలో, ఒక్క వారంలో అరవై వేలొచ్చాయని ఫోన్ తీసి చూపించాడు. మావయ్య కళ్లజోడు పెట్టుకుని అంతా చూసి, "ఈ అరవై వేలూ ఎవరిచ్చార్రా?" అన్నాడు.

"మార్కెట్ ఇచ్చింది నాన్నా."

"మార్కెట్టంటే మనుషులే కదా. అవతల ఎవడో పోగొట్టుకుంటేనే గదా నీకొచ్చింది? రేపు ఆ పోగొట్టుకునేవాడివి నువ్వే అయితే?"

వాడు నీళ్లు నమిలాడు. అప్పుడు నేనందుకున్నా. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్లనే ఇలాంటి బేరాలూ, ఆప్షన్లూ ఆడిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారని, పోయింది మొత్తం 1.8 లక్షల కోట్ల పైనే అని షేర్ మార్కెట్‌ని అదుపులో పెట్టే సెబీయే లెక్క తేల్చింది కదా. చంటిగాడి మొహం చూస్తే జాలేసింది, వాడు చెడ్డవాడు కాదు, తొందర అంతే.

వీధిలో ఒకాయన నూటికి ఐదు వడ్డీకి తిప్పిపెడతానన్నా మావయ్య ఒప్పుకోలేదు. నెలకి ఐదంటే ఏడాదికి అరవై, అంత వడ్డీ కట్టేవాడు బాగుపడేదెప్పుడు, వాడు మునిగితే మన అసలూ పోతుంది, మునగకపోయినా ఆ ఉసురు మనకెందుకు అన్నాడు. ధర్మం, నిగ్రహం అంటే గుళ్లో పురాణం వినేటప్పటి మాటలనుకుంటాం గానీ, పాసుపుస్తకం ముందు అవి నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఆ అరుగు మీద కూర్చుంటే తెలిసింది నాకు.

చివరికి ముందు బంగారం లోను తీర్చాడు, ఏడాది ఖర్చులకి ఫిక్స్‌డ్ వేశాడు, మిగిలింది నెలనెలా కొంచెం కొంచెంగా ఇండెక్స్ ఫండ్‌లో, అంటే సూచీలో ఉన్న కంపెనీల షేర్లన్నీ కలిపి కొనే ఫండ్‌లో. "పడిపోతే?" అన్నాడు చంటిగాడు ఇంకా ఉక్రోషంగా. "96 తుపానుకి కొబ్బరిచెట్లన్నీ పడిపోతే తోట అమ్ముకున్నానా? మళ్లీ మొక్కలేశా, ఆరేడేళ్లకి గెలలేశాయి" అన్నాడురా! నాకు ఒళ్లు జలదరించింది. 2020 మార్చి 23న షేర్ల సూచీ సెన్సెక్స్ ఒక్కరోజే 3,935 పాయింట్లు పడితే బెదిరి అమ్మేసినవాళ్లు ఎంతమందో, ఆ నవంబరుకే అది పాత గరిష్ఠం దాటేసింది. నాన్న కూడా అలా ఓపిక పట్టి ఉంటే... సరే, ఆ మాట ఇప్పుడొద్దు.

నువ్వూ ఆ ఆఫీసువాళ్ల షేర్ల టిప్పుల గ్రూపులోంచి బయటికి రారా, బతిమాలుతున్నా. ఇంకోటి, సార్వా చేను మునిగిందని మావయ్య కౌలుదారుకి మక్తాలో బస్తాలు... అయ్యో, దింపువాళ్లు వచ్చేశారు, కాయలు లెక్కపెట్టించుకోవాలి. మిగతాది ఫోన్‌లో చెప్తా.

నీ
శీను