తుక్కు శిల్పాలు సరే, తుప్పు సంగతి ఎవరు చూస్తారు?

సంపాదకుల వారికి,

మా పట్టణంలో మరికొన్ని కూడళ్ళలో తుక్కు ఇనుముతో శిల్పాలు పెట్టబోతున్నారని మీ జిల్లా పేజీలో చదివాను. మంచిదే. కొలిమికి పోవలసిన పాత బేరింగులు, సైకిలు చైన్లు, క్లచ్ ప్లేట్లు కొన్నేళ్ళపాటు నెమలిగానో ఎద్దుగానో నిలబడితే ఎవరికి చేదు? అయితే ఉన్నవాటి ముఖం చూసే దిక్కు లేదు, కొత్తవాటి టెండర్లకు మాత్రం సిద్ధం. నేను ఐ.టి.ఐ.లో వెల్డింగ్ నేర్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక ఈ నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఈ కళలో మనవాళ్ళు ఎవరికీ తీసిపోరు. తెనాలికి చెందిన కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసి దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. 2021లో వారు చేసిన 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహం గురించి మీ పాఠకులకు తెలిసే ఉంటుంది. ఢిల్లీలో 2019 ఫిబ్రవరిలో సరాయ్ కాలే ఖాన్ దగ్గర ఒక ఉద్యానం తెరిచి, దాదాపు 150 టన్నుల తుక్కుతో తాజ్‌మహల్, ఈఫిల్ టవర్ వంటి ఏడు వింతల నమూనాలు నిలబెట్టారు. అది చూసి దేశంలోని మునిసిపాలిటీలన్నిటికీ ఆశ పుట్టింది. కాకపోతే అక్కడ చుట్టూ గోడ ఉంది, టికెట్టు ఉంది, కాపలా ఉంది. మన కూడలిలో బొమ్మకు ఉన్నదల్లా ప్రారంభోత్సవం రోజు వేసిన పూలదండ.

మా బస్టాండు ఎదుట ఏనుగు సంగతే చూడండి. చెవులు కారు బానెట్ రేకులతో, తొండం మోటారు సైకిలు చైన్లతో, కాళ్ళు లారీ కమాన్ కట్టలతో చేశారు. చేసినవాడెవరో గానీ పనిమంతుడు. ఆ కన్ను చూస్తే తెలుస్తుంది: పెద్ద బేరింగు మధ్యలో చిన్న బేరింగు అమర్చి, చుట్టూ సన్నని కడ్డీ వంచి రెప్ప తీశాడు. అంత పనితనం ఉన్న బొమ్మకు పొట్ట కింద నీరు కారిపోయే రంధ్రం ఒక్కటి లేదు. వానాకాలమంతా లోపల నీళ్ళు నిలిచి, రేకును లోపలినుంచి తుప్పు తినేసింది. పైన చూస్తే పట్టణాల పరిశుభ్రతకు ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ బృందం వచ్చే ముందు హడావుడిగా పూసిన బంగారు రంగు. తుప్పు గీకకుండా, ప్రైమర్ వేయకుండా పూసిన రంగు ఎన్నాళ్ళు ఆగుతుంది? పొరలు పొరలుగా ఊడిపోతోంది. తొండం దగ్గర రెండు అతుకులు విడిపోయి, ఇనుప కొసలు సరిగ్గా పిల్లల కంటి ఎత్తులో పొడుచుకొచ్చి ఉన్నాయి. బడి వదలగానే పిల్లలు వేలాడేది ఆ తొండానికే.

ఆ అతుకులు ఎందుకు విడిపోయాయో వెల్డర్లకు వేరే చెప్పనక్కరలేదు. తుక్కులో అన్ని రకాల ఇనుమూ కలిసే వస్తుంది. ఇంజను దిమ్మ వంటి పోత ఇనుమును మామూలు రాడ్డుతో అతికితే చల్లారేటప్పుడే పగులు తీస్తుంది. దానికి నికెల్ రాడ్డు కావాలి, ముందుగా వేడి చెయ్యాలి. ఆ రాడ్డు ఖరీదు ఎక్కువ. తక్కువ ధరకు పాడినవాడికే పని ఇచ్చే పద్ధతిలో దాన్ని ఎవరు కొంటారు? పైగా తక్కిన అతుకులు కూడా నిండుగా వేయకుండా అక్కడక్కడ చుక్కలు పెట్టి వదిలేస్తారు. దూరం నుంచి చూస్తే అంతా ఒకటే.

చేసేవాళ్ళ ఆరోగ్యం గురించి ఒక్క మాట. జింకు పూత ఉన్న రేకును, గొట్టాన్ని పూత తీయకుండా కాలిస్తే లేచే తెల్లని పొగ పీల్చినవాడికి సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. మూతి బిగిసి ఉన్న షాక్ అబ్సార్బర్‌కు మంట తగిలితే పేలుతుంది. తేదీ ముంచుకొస్తోందని రాత్రింబవళ్ళు పని చేయించే అధికారులు కనీసం ముసుగులు, పొగ పోయే ఏర్పాటు ఉన్నాయో లేదో చూడాలి.

పారేసిన పింగాణీ ముక్కలు, గాజుల వంటివాటితో నేక్‌చంద్ అనే ఆయన బొమ్మలు చేసి నిలిపిన చండీగఢ్ రాక్ గార్డెన్ ఇనుముతో చేసింది కాదు గానీ, 1976లో ప్రజలకు తెరిచిన ఆ తోటకూ ఈ గతే పట్టబోయింది. 1996లో నేక్‌చంద్ విదేశాలకు వెళ్ళిన సమయంలో నగర పాలకులు నిధులు ఆపేశారు, ఆకతాయిలు బొమ్మలు పగలగొట్టారు. తరువాత ఒక సొసైటీ ఏర్పడి బాధ్యత తీసుకున్నాకే అది నిలబడింది.

మన కూడళ్ళకు అంత పెద్ద ఏర్పాటు అక్కరలేదు. చేసిన ఖర్చులో కొంత విడిగా ఉంచి, ఏడాదికోసారి, వానలు మొదలయ్యే ముందు, ప్రతి బొమ్మనూ తనిఖీ చేయించాలి. తుప్పు గీకడం, విడిన అతుకు మళ్ళీ వేయడం, కొసలకు గ్రైండర్ పట్టడం, ఎపాక్సీ ప్రైమర్ మీద రంగు వేయడం, ఇంతే పని. దగ్గరలోని ఐ.టి.ఐ.కి అప్పగిస్తే ఏడాది కోర్సు చదివే వెల్డింగ్ విద్యార్థులకు బోధకుల పర్యవేక్షణలో నిజమైన పని దొరుకుతుంది. వర్క్‌షాపులో ముక్కలు అతికి ముక్కలు కోసుకునే బదులు ఊరికి పనికొచ్చేది చేస్తారు. సముద్రానికి దగ్గరగా ఉన్న పట్టణాల్లో మాత్రం ఉప్పుగాలి వల్ల ఏడాదికోసారి చాలదు, రెండుసార్లు చూడాలి.

ఇంకొకటి. దిమ్మె మీద ప్రారంభించిన ప్రముఖుల పేర్లు పాలరాతి మీద చెక్కించారు. ఆ కన్ను చేసినవాడి పేరు ఎక్కడా లేదు.

కొత్త శిల్పాల టెండరు ఇంకా పిలవలేదని మీ వార్తలోనే ఉంది. అయిదేళ్ళ నిర్వహణ భారం ఎవరిదో, దిమ్మె మీద కళాకారుల పేరు ఉంటుందో లేదో ఆ కాగితంలోనే రాయమని కమిషనర్ గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఏనుగు తొండానికి మాత్రం టెండరు దాకా ఆగవద్దు. ఒక గ్రైండరు, ఒక మనిషి, అరపూట చాలు.

— విశ్రాంత వెల్డింగ్ బోధకుడు,
గుంటూరు జిల్లా